చంద్రపూర్‌లో యూనిట్ 1 ఎందుకు లేదు? ప్లాంటు చెట్టును కోడ్‌తో కట్టడం గురించి ఒక విశ్లేషణ

క్లుప్తంగా

పవర్ స్టేషన్, సిమెంటు ఫ్యాక్టరీ లాంటి చోట్ల ఉన్న యంత్రాలన్నిటినీ తల్లీపిల్లల వరసలో క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో రాసిపెట్టడాన్ని అసెట్ హైరార్కీ అంటరు, ఈ వ్యాసంలో చెట్టు అంటే అదే. దీన్ని స్క్రీన్ మీద క్లిక్ చేసుకుంటూ కట్టొచ్చు, జావా లాంటి భాషలో బిల్డర్ కోడ్ రాసి కూడా కట్టొచ్చు. కోడ్‌తో అయితే పని తొందరగా అయితది, వరస తప్పదు, ఎవరు ఎప్పుడు ఏం మార్చిన్రో దొరుకుతది. గానీ యంత్రం గుర్తింపును లిస్టులో అది ఎన్నోది అనే నంబర్‌కి ముడేస్తే మాత్రం పాత రీడింగులు పోయే దాకా వస్తది. ఈ వ్యాసం ఎక్కువగా ఆ ఒక్క విషయం చుట్టే తిరుగుతది, ఉదాహరణలు మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లావి.

ఏడు యూనిట్లు, నంబర్లు 3 నుంచి 9

చంద్రపూర్ సూపర్ థర్మల్ స్టేషన్ సామర్థ్యం 2,920 మెగావాట్లు. అందులో 210 మెగావాట్ల యూనిట్లు (యూనిట్ అంటే విడిగా కరెంటు పుట్టించే బాయిలర్, టర్బైన్, జనరేటర్ సెట్టు) రెండు, 500 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం ఏడు. కొత్తగా చూసేవాళ్లకి తికమక ఎక్కడంటే ఈ ఏడింటి నంబర్లు 1 నుంచి 7 కావు, 3 నుంచి 9. ముందు కట్టిన 1, 2 యూనిట్లు కాలం తీరి మూతబడ్డయి, అయినా మిగిలినవాటికి ఎవరూ మళ్లీ నంబర్లు వెయ్యలేదు, వేస్తే ఏమైతదో ప్లాంటులో పనిచేసే ఎవరికైనా తెలుసు. లాగ్‌బుక్కులు, డ్రాయింగులు, కేబుళ్ల మీద ట్యాగులు, పర్మిట్ కాగితాలు, స్టోర్‌లో స్పేర్ల కార్డులు, అన్నిటి మీదా "యూనిట్ 5" అని రాసి ఉంటది, దాన్ని ఒక పొద్దున లేచి "యూనిట్ 3" అంటే ఏ పర్మిట్ ఏ బ్రేకర్‌దో తెల్వక మనిషి ప్రాణం మీదికి వస్తది.

కంట్రోల్ రూమ్‌లో ఇంత సహజంగా పాటించే ఈ పద్ధతిని క్లౌడ్‌లో కోడ్ రాసేవాళ్లు చాలాసార్లు తెలియకుండానే తప్పుతరు. ఎట్ల తప్పుతరో చూసే ముందు అసలు ఈ చెట్టు ఏంది, బిల్డర్ ఏంది అన్నది తెలవాలి. (ఆ స్టేషన్ కింద చెప్పే సాఫ్ట్‌వేరే వాడుతున్నదని ఇక్కడ అనడం లేదు, అందరికీ తెలిసిన ప్లాంటు కాబట్టి ఉదాహరణకి తీసుకున్నది, అంతే.)

చెట్టు ఎవరికి కావాలి

కంట్రోల్ రూమ్ స్క్రీన్ వెనక వేల ట్యాగులు ఉంటయి. ఒక్కో ట్యాగు ఒక్కో సెన్సర్, ఒక్కో నంబర్. షిఫ్ట్‌లో ఉన్న ఆపరేటర్‌కి ఏ ట్యాగు ఏ పంపుదో నోటికి వచ్చు, అతనికి చెట్టు అక్కర్లేదు, తలలోనే ఉంది. కష్టం ఎవరికంటే ముంబైలో హెడ్ ఆఫీసులో కూర్చుని "అన్ని యూనిట్ల ఫీడ్ పంపుల్లో ఏది ఎక్కువ వణుకుతున్నది" అని అడిగేవాళ్లకి (ఫీడ్ పంపు అంటే బాయిలర్‌లోకి నీళ్లు నెట్టే పంపు). ట్యాగులన్నీ చదునుగా పరిచి ఉంటే ఆ ప్రశ్నకి జవాబు రాదు, ఎవరో ఒకరు కూర్చుని ఎక్సెల్‌లో జోడించాలి. స్టేషన్ కింద యూనిట్, యూనిట్ కింద సిస్టమ్, సిస్టమ్ కింద పంపు, పంపు కింద మోటారు అని వరస రాసిపెడితే మిషనే వెతికి చెప్తది.

ఈ వరస క్లౌడ్ వాళ్లు కనిపెట్టింది కాదు. పవర్ ప్లాంట్లకి జర్మనీలో పుట్టిన కేకేఎస్ అనే కోడింగ్ పద్ధతి ఉంది, అందులో ఎల్‌ఏసీ అంటే ఫీడ్‌వాటర్ పంపు సిస్టమ్, ఏపీ అంటే పంపు, కాబట్టి "3 ఎల్‌ఏసీ 10 ఏపీ 001" అని చూడగానే మూడో యూనిట్, ఫీడ్‌వాటర్ పంపు సిస్టమ్, ఒకటో పంపు అని తెలిసిపోతది. ఫ్యాక్టరీలకి ఐఎస్ఏ-95 అనే ప్రమాణం ఉంది, దాంట్లో సంస్థ, సైట్, ఏరియా, ఆ కింద లైను లేదా యూనిట్ అని మెట్లు. మెయింటెనెన్స్ కోసం శాప్ అనే సాఫ్ట్‌వేర్ వాడే చోట ఫంక్షనల్ లొకేషన్ అని ఇంకో చెట్టు ఇప్పటికే ఉంటది. అంటే చాలా ప్లాంట్లలో చెట్టు లేకపోవడం సమస్య కాదు, మూడు చెట్లు ఉండి మూడూ ఒకదానితో ఒకటి కలవకపోవడం సమస్య, క్లౌడ్‌లో కట్టేది నాలుగోది అవుతది.

మోడల్ వేరు, అసెట్ వేరు

ఇక్కడ్నుంచి ఉదాహరణకి అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) వాళ్ల ఐఓటీ సైట్‌వైజ్ అనే సాఫ్ట్‌వేర్ తీసుకుందాం, ఎందుకంటే కోడ్‌తో చెట్టు కట్టే పద్ధతి దాంట్లో తేటగా కనిపిస్తది. దీన్ని 2018 చివర్లో ప్రకటించి 2020లో అందరికీ తెరిచిన్రు. దీంట్లో రెండు మాటలు ముందు విడదీసి పట్టుకోవాలి. అసెట్ మోడల్ అంటే ఖాళీ దరఖాస్తు ఫారం, అసెట్ అంటే నింపిన ఫారం. "బాయిలర్ ఫీడ్ పంపు" అన్నది మోడల్, "యూనిట్ 3లో ఉన్న ఏ పంపు" అన్నది అసెట్.

మోడల్‌లో నాలుగు రకాల ప్రాపర్టీలు రాయొచ్చు. ఫీడ్ పంపునే తీసుకుంటే, మోటారు కెపాసిటీ లాగ ఎప్పుడో గానీ మారనిది యాట్రిబ్యూట్. బేరింగ్ వైబ్రేషన్, సక్షన్ ప్రెషర్ (నీళ్లు లోపలికి వచ్చే వైపు), డిశ్చార్జ్ ప్రెషర్ (బయటికి పోయే వైపు) లాగ సెన్సర్ నుంచి వచ్చేది మెజర్‌మెంట్. డిశ్చార్జ్ నుంచి సక్షన్ తీసేస్తే వచ్చే తేడా ట్రాన్స్‌ఫార్మ్, అంటే వచ్చిన రీడింగు వచ్చినట్టే లెక్క కట్టేది. గంట సగటు, రోజులో ఎంతసేపు నడిచింది లాంటివి మెట్రిక్, అంటే ఒక టైము కిటికీలో పోగేసి లెక్క కట్టేది. మెట్రిక్‌కి ఇంకో శక్తి కూడా ఉంది, కింద ఉన్న పిల్ల అసెట్ల విలువల్ని తల్లి దగ్గర కూడొచ్చు, స్టేషన్ మొత్తం జనరేషన్ అట్లనే వస్తది. చెట్టుకి అసలు విలువ అక్కడే ఉంది, లేకపోతే అది ఫోల్డర్ల వరసే.

హైరార్కీ అన్నది మోడల్ దగ్గర మొదలైతది. "స్టేషన్" మోడల్‌లో "నా కింద యూనిట్ అనే మోడల్‌వి ఉంటయి" అని ముందు రాయాలి, తర్వాతనే ఫలానా స్టేషన్ అసెట్ కింద ఫలానా యూనిట్ అసెట్‌ని తగిలించొచ్చు. ఒక హైరార్కీ నిర్వచనం ఒక పిల్ల మోడల్‌నే చూపిస్తది. చిన్న రూలే గానీ ముందు ముందు పెద్ద పని పెడతది.

బిల్డర్ అంటే ఏంది, జావాకే ఎందుకు

క్లౌడ్‌లో ఏం ఉండాలో ఫైల్‌లో రాసిస్తే అదే కట్టిపెట్టే ఏడబ్ల్యూఎస్ సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌ఫార్మేషన్ 2011 నుంచి ఉంది. దాంట్లో జేసన్, యామల్ ఫైళ్లు రాయాలి, ఏడు యూనిట్లకి ఒకే ముక్క ఏడుసార్లు కాపీ కొట్టాలి. ఆ బాధ పోవాలని 2019లో సీడీకే వచ్చింది, ముందు టైప్‌స్క్రిప్ట్, పైథాన్‌కి, అదే ఏడాది నవంబర్‌కి జావా, సీ షార్ప్‌కి కూడా. మామూలు ప్రోగ్రామింగ్ భాషలో రాస్తే అదే లోపల క్లౌడ్‌ఫార్మేషన్ ఫైల్‌గా మారిపోతది.

పైథాన్‌లో ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు ఏ విలువ దేనిదో పేరు పెట్టి ఇవ్వొచ్చు. జావాలో ఆ సౌకర్యం లేదు, పది విలువలు ఇవ్వాలంటే వరసగా పది ఇవ్వాలి, ఐదోది ఏందో ఆరోది ఏందో రాసినోడికే వారం తర్వాత గుర్తుండదు. అందుకే బిల్డర్ అనే పద్ధతి. ఒక్కో విలువకి ఒక్కో పేరున్న చిన్న పిలుపు, అన్నీ గొలుసులాగ ఒకదాని తోక ఒకటి పట్టుకుని, చివర్లో బిల్డ్ అనగానే వస్తువు తయారు. తెలుగు అక్షరాల్లో రాసి చూస్తే ఇట్ల ఉంటది:

అసెట్‌మోడల్‌హైరార్కీ.బిల్డర్()
.నేమ్("యూనిట్లు")
.లాజికల్‌ఐడీ("స్టేషన్_యూనిట్లు")
.చైల్డ్‌అసెట్‌మోడల్‌ఐడీ(యూనిట్‌మోడల్.ఐడీ)
.బిల్డ్()

మొదటి పిలుపు మనుషులకి కనిపించే పేరు. రెండోది ఫైల్ లోపల ఈ బంధాన్ని గుర్తుపట్టే ముద్ర. మూడోది పిల్ల మోడల్ ఎవరన్నది. ఇట్లాంటి ముక్కల్ని లిస్టులో పెట్టి స్టేషన్ మోడల్ బిల్డర్‌కి ఇస్తరు.

మూడో పిలుపు దగ్గర ఒక్కసారి ఆగాలి. యూనిట్ మోడల్ ఐడీ కావాలంటే యూనిట్ మోడల్ అప్పటికే ఉండాలి. అంటే కోడ్ కింది నుంచి పైకి కట్టాలి, ముందు మోటారు, తర్వాత పంపు, తర్వాత ఫీడ్‌వాటర్ సిస్టమ్, తర్వాత యూనిట్, చివరికి స్టేషన్. ప్లాంటు మనుషులు మాట్లాడేది పై నుంచి కిందికి, "మూడో యూనిట్‌లో, ఫీడ్ సిస్టమ్‌లో, ఏ పంపులో" అని. మీటింగుల్లో రెండు వర్గాలు ఒకే చెట్టు గురించి మాట్లాడుతూ కూడా ఒకరిది ఒకరికి అందకపోవడానికి సగం కారణం ఇదే కావచ్చు. డిప్లాయ్ (రాసిన కోడ్‌ని క్లౌడ్‌లో అమలు చెయ్యడం) అప్పుడు ఏది ముందు తయారు కావాలో క్లౌడ్‌ఫార్మేషనే ఐడీలు చూసి తేల్చుకుంటది గానీ, కోడ్ చదివే మనిషికి మాత్రం చెట్టు తలకిందులుగానే కనిపిస్తది.

బిల్డర్ వాడితే తప్పులన్నీ కంపైలర్ (కోడ్ నడిచే ముందు దాన్ని చదివి మార్చే ప్రోగ్రామ్) పడుతదని ఒక నమ్మకం ఉంది, అది సగమే నిజం. నంబర్ ఇవ్వాల్సిన చోట లిస్టు ఇస్తే పడుతది. తప్పనిసరి విలువ ఒకటి ఇవ్వడం మర్చిపోతే మాత్రం కంపైల్ అయిపోతది, ప్రోగ్రామ్ నడిచినప్పుడు బిల్డ్ దగ్గర ఎర్రర్ కొడతది. లాజికల్ ఐడీ మామూలు అక్షరాల ముక్కే కాబట్టి ఒకచోట "యూనిట్లు" అని, మెట్రిక్ ఫార్ములాలో "యూనిట్స్" అని రాస్తే కంపైలర్‌కి రెండూ బాగనే కనిపిస్తయి, తప్పు బయటపడేది డిప్లాయ్‌లో. ఆ పేర్లన్నీ ఒక్కచోట కాన్‌స్టెంట్లుగా (మారని విలువలుగా) పెట్టుకునేది అందుకే.

210, 500: ఒకే ఫారం సరిపోతదా

మన దేశంలో 210 మెగావాట్ల యూనిట్‌కి మామూలుగా మూడు బాయిలర్ ఫీడ్ పంపులు, మూడూ కరెంటు మోటారుతో నడిచేవి, రెండు నడుస్తుంటే ఒకటి స్టాండ్‌బై. 500 మెగావాట్ల యూనిట్‌కి రెండు పంపులు చిన్న ఆవిరి టర్బైన్లతో నడుస్తయి, మోటారు పంపు ఒకటి తోడుగా ఉంటది. టర్బైన్‌తో నడిచే పంపుకి ఆవిరి ప్రెషర్, స్పీడు లాంటి రీడింగులు ఉంటయి, మోటారు పంపుకి కరెంటు, వైండింగ్ వేడి. "పంపు" అని ఒకటే ఫారం పెడితే సగం గళ్లు ఎప్పుడూ ఖాళీ.

దీనికి రెండు దారులు. మొదటిది, 210కి ఒక యూనిట్ మోడల్, 500కి ఇంకోటి. ఒక హైరార్కీ ఒక పిల్ల మోడల్‌నే చూపిస్తది కాబట్టి స్టేషన్ కింద రెండు హైరార్కీలు వస్తయి, మొత్తం జనరేషన్ కావాలంటే రెండింటి కూడికల్ని మళ్లీ కూడాలి. రేపు 660 మెగావాట్ల రకం వస్తే మూడో హైరార్కీ, మళ్లీ ఫార్ములా మార్పు, ఆ మార్పు మర్చిపోతే స్టేషన్ టోటల్ నుంచి ఒక యూనిట్ ఎవరికీ తెలియకుండా తప్పిపోతది. రెండోది, "యూనిట్" అనే మోడల్‌ని సన్నగా ఉంచి, అందరికీ ఉండే జనరేషన్, కోల్ ఫ్లో, కెపాసిటీ లాంటివే పెట్టి, తేడాలన్నిటినీ కింద పంపుల మెట్టు మీదికి నెట్టడం. యూనిట్ కింద మోటారు పంపులకి ఒక హైరార్కీ, టర్బైన్ పంపులకి ఒకటి, 210 యూనిట్లకి రెండోది ఖాళీగా ఉంటది, పోయేదేం లేదు. చాలా సందర్భాల్లో రెండో దారే నయం, ఎందుకంటే పై మెట్టు ఎంత సన్నగా ఉంటే కూడికలు అంత గట్టిగా ఉంటయి.

కూడిక అంటే గుర్తొచ్చింది, సగటు దగ్గర ఇంకో గోతి ఉంది. 210 యూనిట్ హీట్ రేటు (ఒక్క కిలోవాట్-అవర్ కరెంటుకి పట్టే వేడి) 2,600 కిలో కేలరీలు, 500 యూనిట్‌ది 2,300 అనుకుందాం, రెండూ ఫుల్ లోడ్‌లో ఉన్నయి. తల్లి దగ్గర సగటు మెట్రిక్ పెడితే 2,450 వస్తది, చెట్టుకి ఇద్దరు పిల్లలూ సమానమే కదా. నిజానికి మొత్తం వేడిని మొత్తం కరెంటుతో భాగిస్తే 2,389 దగ్గర వస్తది. ఒక్క కిలోవాట్-అవర్ కరెంటుకి 60 కిలో కేలరీల తేడా అంటే బొగ్గు లెక్కలో చిన్నది కాదు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, వేడినీ కరెంటునూ విడివిడిగా కూడి తల్లి దగ్గర భాగించమని ఎవరూ చెప్పలేదు.

లూప్ తెచ్చే తంటా

ఇగ అసలు విషయం. కోడ్‌లో కట్టడానికి అందరూ చెప్పే మొదటి కారణం లూప్, అంటే ఒకే పనిని లిస్టులో ఒక్కోదానికి మళ్లీ మళ్లీ చేయించే కోడ్. యూనిట్ల లిస్టు ఇస్తే ఒక్కొక్కటే తీసుకుని బిల్డర్ పిలిచి అసెట్ తయారు చేస్తది, పదిహేను లైన్లలో పని అయిపోతది. ఆ లూప్‌లో ఒక్కో అసెట్‌కి కోడ్‌లో ఒక ఐడీ ఇవ్వాలి, చేతికి దగ్గరగా దొరికేది లూప్ లెక్కపెట్టే నంబరే, కాబట్టి "యూనిట్" పక్కన ఆ నంబర్ అతికిస్తరు. సున్నా నుంచి మొదలు.

చంద్రపూర్ స్టేషన్‌లో తొమ్మిది యూనిట్లూ ఉన్నప్పుడే ఇట్ల కోడ్ రాసిన్రు అనుకుందాం, అన్నిటికీ ఒకే సన్నటి యూనిట్ మోడల్. లిస్టులో యూనిట్ 1 సున్నా స్థానంలో, యూనిట్ 9 ఎనిమిదో స్థానంలో. ఇప్పుడు 1, 2 మూతబడ్డయి, ఎవరో మంచి మనసుతో లిస్టు నుంచి ఆ రెండు పేర్లు తీసేసి డిప్లాయ్ కొట్టిన్రు. మనిషికి కనిపించేది "మొదటి రెండు పోయినయి". క్లౌడ్‌ఫార్మేషన్‌కి కనిపించేది పూర్తిగా వేరు. దానికి తెలిసింది ఐడీలే. ఇంతకుముందు 0 నుంచి 8 దాకా ఉండె, ఇప్పుడు 0 నుంచి 6 దాకనే ఉన్నయి, కాబట్టి 7, 8 పోయినయి అని అర్థం చేసుకుంటది, ఆ రెండూ ఎవరివి, యూనిట్ 8, యూనిట్ 9వి, బంగారం లాంటి 500 మెగావాట్ల యూనిట్లు. వాటిని డిలీట్ చెయ్యబోతది. మిగిలిన ఏడింటిలో సున్నాకి ఇంతకుముందు "యూనిట్ 1" అని పేరు, ఇప్పుడు "యూనిట్ 3", కాబట్టి పేరు మారుస్తది. అంటే మూతబడ్డ యూనిట్ 1 పాత రీడింగులన్నీ ఇప్పుడు యూనిట్ 3 పేరు కింద కూర్చుంటయి, యూనిట్ 3వి యూనిట్ 5 కిందికి పోతయి, ఇట్ల ఒకరి చొక్కా ఒకరికి.

పేర్లో, డేటా స్ట్రీమ్ అలియాస్‌లో (సెన్సర్ రీడింగుల వరసకి పెట్టిన మారుపేర్లు) ఒకదానికొకటి తగిలి డిప్లాయ్ మధ్యలో ఆగిపోతే అదృష్టం అనుకోవాలి. ఆగకుండా సాఫీగా పోతేనే నష్టం, ఎందుకంటే గ్రాఫ్‌లో గీత ఎక్కడా తెగదు, ఎర్రర్ ఎక్కడా రాదు, ఒక తేదీ ముందు ఒక యంత్రం, ఆ తేదీ తర్వాత ఇంకో యంత్రం, చూసేవాళ్లకి ఒకటే గీత. నెలల తర్వాత ఎవరో "యూనిట్ 3 బేరింగ్ పోయినేడు కంటే ఇంత బాగుపడ్డదేంది" అని అడిగితే గానీ బయటపడదు.

మందు చాలా చిన్నది. ఐడీని లూప్ నంబర్ నుంచి కాకుండా ప్లాంటు నంబర్ నుంచి తియ్యాలి, "యూనిట్‌_3", "యూనిట్‌_4" అని. కేకేఎస్ ఉన్న చోట ఆ కోడే ఐడీ పెట్టుకుంటే ఇంకా మేలు. అప్పుడు లిస్టులో ముందు రెండు తీసేస్తే ఆ రెండే పోతయి. అది కూడా ఆలోచించాల్సిన విషయమే, మూతబడ్డ యూనిట్ పాత రీడింగులు అవసరం ఉంటే డిలీట్ చెయ్యకుండా "రిటైన్" అనే పాలసీ పెట్టి వదిలెయ్యాలి, లేదా స్టేషన్ కింద "మూతబడ్డవి" అని వేరే హైరార్కీలోకి మార్చాలి, టోటల్‌లో లెక్కకి రాకుండా.

రాజురా ఊరు కదల్లేదు, పైన జిల్లా మారింది

పేరు, తల్లి, గుర్తింపు, ఈ మూడూ వేరు వేరు అన్నది చంద్రపూర్ జిల్లా వాళ్లకి వివరించడం సులువు. ఇప్పటి చంద్రపూర్‌ని 1964 దాకా చాందా అనేవాళ్లు, పేరు మారింది, ఊరు అదే. పక్కనే రాజురా. అది హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉండె, 1956లో నాందేడ్ జిల్లాకి పోయింది, 1959లో చాందా జిల్లాకి వచ్చింది. మూడేళ్లలో ఇద్దరు కొత్త తల్లులు. ఊరు మాత్రం ఉన్న చోటనే ఉంది, ఇండ్లల్లో మాట్లాడే తెలుగు కూడా పోలేదు.

సాఫ్ట్‌వేర్‌లో చెట్టు ఇట్లనే ఉండాలి. పేరు మార్చుకోవడం తేలిక, అది లేబుల్ మాత్రమే. తల్లిని మార్చడం కొంచెం పని, పాత తల్లి దగ్గర విడదీసి కొత్త తల్లికి తగిలించాలి, పాత తల్లి టోటల్ తగ్గుతది, కొత్త తల్లిది పెరుగుతది. ఐడీ మార్చడం మాత్రం ఊరిని కూల్చి పక్కన కొత్త ఊరు కట్టినట్టు. సైట్‌వైజ్‌లో మోడల్ నుంచి ఒక ప్రాపర్టీ తీసేస్తే దాని పాత డేటా అంతా పోతది. ఇప్పటికే ఉన్న ప్రాపర్టీ డేటా టైపు మార్చలేం, పూర్ణాంకం అని రాసినదాన్ని దశాంశం చెయ్యాలంటే తీసేసి కొత్తది పెట్టాల్సిందే. మోడల్ నుంచి హైరార్కీ నిర్వచనం తీసేస్తే దాని ద్వారా తగిలిన పిల్లలన్నీ ఒక్కసారే ఊడిపోతయి. కోడ్ రాసేవాళ్లకి అలవాటైన "రీనేమ్" బటన్ ఇక్కడ ప్రమాదకరం, లాజికల్ ఐడీ కాన్‌స్టెంట్ విలువని అందంగా ఉండాలని సరిచేస్తే అది అందం కాదు, డిలీటూ కొత్తగా పెట్టడమూ.

ఇద్దరు తల్లుల బిడ్డ

చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో, ఇటు ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం సరిహద్దులో కొన్ని ఊళ్లున్నయి, రెండు రాష్ట్రాలూ మావే అంటయి. అక్కడ చాలామందికి రెండు వైపులా ఓటు, రెండు వైపులా రేషన్ కార్డు. రెండు రాష్ట్రాల లెక్కలు కూడితే ఆ ఊరి జనం రెండుసార్లు వస్తరు.

ప్లాంటులో ఇట్లాంటివి చాలా ఉంటయి. బొగ్గు దింపి, నలగ్గొట్టి, బెల్టుల మీద పంపే కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటు ఒక్క యూనిట్‌ది కాదు, కొన్ని యూనిట్లకి కలిపి ఉంటది. నీటి ట్రీట్‌మెంట్ ప్లాంటు, కంప్రెసర్ హౌసు, అన్నీ అంతే. దాన్ని యూనిట్ 5 కింద పెడితే యూనిట్ 6 వాళ్లకి కనిపించదు, ప్రతి యూనిట్ కింద ఒక కాపీ పెడితే అది తినే కరెంటు టోటల్‌లో అన్నిసార్లు పడుతది. చెట్టు పద్ధతిలో సాఫీ జవాబు ఏందంటే యూనిట్లకి సమానమైన మెట్టు మీద "కామన్" అని ఒక కొమ్మ పెట్టడం, స్టేషన్ టోటల్ అక్కడ్నుంచి తీసుకోవడం, ఏ యూనిట్ వాటా ఎంత అన్నది విడిగా ఫార్ములాతో పంచడం.

వేరే సాఫ్ట్‌వేర్లు దీన్ని ఇంకోలాగ చూస్తయి. అజూర్ డిజిటల్ ట్విన్స్‌లో చెట్టు కాకుండా వల, ఏ వస్తువు నుంచి ఏ వస్తువుకైనా "సరఫరా చేస్తది", "భాగం" అని పేరున్న గీత గీయొచ్చు, మోడళ్లని డీటీడీఎల్ అనే జేసన్ రకం భాషలో రాస్తరు. పీఐ అసెట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఒకే ఎలిమెంట్‌ని ఇంకో కొమ్మ కింద రిఫరెన్స్‌గా చూపించొచ్చు. వల పద్ధతి నిజానికి దగ్గరగా ఉంటది గానీ కూడికలు చేసేటప్పుడు ఏ గీత వెంట పోవాలో ప్రతిసారీ చెప్పాలి. చెట్టు మొండిది, కానీ టోటల్ అడిగితే తడబడదు. బొగ్గు నుంచి కరెంటు దాకా దారి వెతకాలంటే వల, నెలాఖరు రిపోర్టు కావాలంటే చెట్టు.

కోడ్‌లో ఎంతవరకు పెట్టాలి

అన్నీ కోడ్‌లోనే పెడదాం అనే ఉత్సాహానికి ఒక గోడ తగులుతది. క్లౌడ్‌ఫార్మేషన్‌లో ఒక స్టాక్‌కి (ఒకేసారి కట్టే వస్తువుల గుంపుకి) 500 రిసోర్సులే. మోడళ్లు పెద్ద స్టేషన్‌కి కూడా కొన్ని పదులే ఉంటయి, గానీ అసెట్లు వేలల్లో, ప్రతి మోటారూ ప్రతి వాల్వూ ఒక అసెట్ అయితే స్టాకులు ముక్కలు ముక్కలు చెయ్యాలి, ముక్కల మధ్య ఐడీలు అందించుకోవాలి, అది ఇంకో తలనొప్పి. పైగా మోడల్ మారేది ఏడాదికోసారి, అసెట్ మారేది వారం వారం, మోటారు కాలిపోతే స్టోర్ నుంచి ఇంకోటి వచ్చి కూర్చుంటది, ప్రతిసారీ జావా కోడ్ మార్చి డిప్లాయ్ చెయ్యమంటే మెయింటెనెన్స్ వాళ్లు నవ్వుతరు.

అందుకే పనికొచ్చే గీత ఏందంటే, ఫారాలు కోడ్‌లో, నింపిన ఫారాలు డేటా ఫైల్‌లో. మోడళ్లు, హైరార్కీ నిర్వచనాలు, మెట్రిక్ ఫార్ములాలు బిల్డర్‌తో రాసి, గిట్‌లో (కోడ్ మార్పులన్నీ గుర్తుపెట్టుకునే చోటు) పెట్టి, ఇద్దరు చూసి ఒప్పుకున్నాకే డిప్లాయ్. అసెట్ల లిస్టు మాత్రం ఫైల్ నుంచి బల్క్ ఇంపోర్ట్. ఆ ఫైల్ ఎవరి చేతిలో ఉండాలంటే ప్లాంటు వాళ్ల చేతిలో, ఎందుకంటే ఏ పంపు ఎక్కడున్నదో తెలిసింది వాళ్లకే. బల్లార్షా, ఘుగ్గూస్, రాజురా వైపు మన తెలుగు కుటుంబాల నుంచి కంట్రోల్ రూముల్లో, ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పనిచేసేవాళ్లు తక్కువేం లేరు, హైదరాబాద్‌లోనో పుణెలోనో కూర్చుని జావా రాసే టీమ్‌కి "నాలుగో యూనిట్ బీ పంపు" అంటే ఎల్‌ఏసీలో ఏదో చెప్పగలిగేది వీళ్లే. ఈ పనికి జావా వచ్చినవాళ్ల కంటే ట్యాగ్ లిస్టు వచ్చినవాళ్లే దొరకడం కష్టం, జీతాలు మాత్రం ఇప్పటికి తిరగబడే ఉన్నయి.

డిప్లాయ్‌కి ముందు సీడీకేలో డిఫ్ అనే కమాండ్ ఉంది, ఏది కొత్తగా వస్తది, ఏది మారుతది, ఏది పోతది అని రాసి చూపిస్తది. దాన్ని కోడ్ రాసినవాళ్లు చూసి వదిలేస్తే లాభం తక్కువ, వాళ్లకి "యూనిట్7 డిలీట్" అన్న లైన్‌లో తప్పు కనిపించదు, లిస్టు చిన్నగైంది కాబట్టి ఏదో ఒకటి పోవాల్సిందే కదా అనుకుంటరు. అదే లైన్‌ని షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌కి చూపిస్తే, ఆ ఐడీ పక్కన ఉన్న పేరు యూనిట్ 8 అని చదివి, "అది నడుస్తున్నది కదా సారూ, నిన్న రాత్రి కూడా లోడ్ మీదనే ఉండె" అంటడు, డిప్లాయ్ అక్కడ ఆగుతది.